బండ్లు ఆగిపోయాక వంతెనకు పట్టిన జబ్బు: ఐదు కానాల రాతి వంతెన మరమ్మతు

2021 నవంబరు మూడో వారంలో కురిసిన వాన గురించి తిరుపతి వాళ్లకు కొత్తగా చెప్పనక్కర్లేదు. స్వర్ణముఖి ఒడ్లు మీరి పారింది, వీధుల్లో కార్లు తేలాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లను ఖాళీ చేయించారు. ఆ నీళ్లు ఇంకా తీయకముందే చిత్తూరు వైపు ఒక ఊరి నుంచి నాకు ఫోన్ వచ్చింది. "మా పాత వంతెన కింద తెల్లగా పాలు మాదిరి కారతా ఉండాది సార్. పడిపోతాదేమో ఒకసారి వచ్చి చూసి పోండి."

ఆ ఊరి పేరు, వాగు పేరు రాయను. ఇందులో కొందరి పొరపాట్లు ఉన్నాయి, నాదీ ఒకటి ఉంది. చిత్తూరు, తిరుపతి చుట్టుపక్కల ఇలాంటి రాతి వంతెనలు, తూములు ఎన్నో ఉన్నాయి కాబట్టి పేరు లేకపోయినా పని తీరు ఉపయోగపడుతుందనే ఇది రాస్తున్నాను. ఇంజనీరుగా నా రోజువారీ బతుకు అపార్ట్‌మెంట్లు, కళ్యాణ మండపాలు. స్లాబు, బీము, కాలమ్ తప్ప కాలేజీలో కమాను గురించి మాకు నేర్పింది రెండు క్లాసులే. మిగతాది ఇలాంటి పనుల మీద, మేస్త్రీల దగ్గర నేర్చుకున్నాను.

వంతెన ఇదీ: ఐదు కానాలు, అంటే కమాను కింద నీళ్లు పారే ఖాళీలు, ఒక్కో కానా ఆరు మీటర్ల వెడల్పు. కమాను అర్ధచంద్రాకారం కాదు, చదునుగా ఉంటుంది, ఎత్తు మీటరున్నర. కమాను రాళ్ల మందం 45 సెంటీమీటర్లు. మధ్య స్తంభాలు మీటరున్నర మందం, ఎగువ వైపు నీటిని చీల్చే మూతి ఉంది. పిట్టగోడల మధ్య దారి 5.2 మీటర్లు. రాయి ఇక్కడి బూడిదరంగు గ్రానైటే. కీళ్లలో డంగు సున్నం.

ఎప్పటిదని అడిగితే ఊళ్లో ఒకరు రాయలవారి కాలమన్నారు, ఒకరు తెల్లదొరలన్నారు. చదును కమాను, వరుసలు తీర్చి చెక్కిన రాయి, బండ్లు ఎదురెదురుగా తప్పుకునేంత వెడల్పు చూస్తే పంతొమ్మిదో శతాబ్దపు రోడ్డు పనుల తీరు కనిపిస్తుంది. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు ఈ ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లా కింద ఉండేది కాబట్టి అప్పటి రోడ్ల కాగితాలు వెతకాలంటే మద్రాసు ఎగ్మూరులోని రికార్డాఫీసుకు పోవాలి. ఇలాంటి పని చేసేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకుంటే కలెక్టరాఫీసు చుట్టూ తిరిగే శ్రమ తప్పుతుంది.

కొంచెం దిగువన కొత్త కాంక్రీటు వంతెన వచ్చాక దీని మీద బండ్లు ఆపేశారు. రెండు చివర్లా గుంజలు పాతి, "ప్రమాదం, వాహనములు నిషేధము" అని బోర్డు పెట్టారు. అప్పటి నుంచి నడిచేవాళ్లదే రాజ్యం. బడి పిల్లలు, అవతలి ఒడ్డున గంగమ్మ గుడికి పోయేవాళ్లు, పాలు పోసేవాళ్లు దీని మీదుగానే వెళ్తారు. శ్మశానం కూడా అవతలే ఉంది, అంటే ఊళ్లో ఎవరికైనా చివరి దారి ఈ వంతెనే. పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు-అక్టోబరుల్లో, తమిళనాడు నుంచి వేలూరు, చిత్తూరు మీదుగా కొండకు నడిచిపోయే గోవిందమాల గుంపులు కూడా లారీల రోడ్డు వదిలి ఈ దారి పడతాయి. రాత్రి పిట్టగోడ మీద నడుం వాల్చి, తెల్లారి గోవిందా అంటూ లేస్తారు.

మొదటి చూపులో కనిపించినవి

2022 జనవరిలో వాగు ఇంకిపోయాక కిందికి దిగాను. ఫోన్లో చెప్పిన పాలు నిజమే. రెండో కానా, మూడో కానా లోపలి కప్పు నుంచి సున్నం కరిగి దిగి, గుహల్లో మాదిరి తెల్లటి ఊడలు వేలాడుతున్నాయి. ఎగువ వైపు పక్కగోడ రెండో కానా మీద బొజ్జ పెట్టింది. దారం కట్టి చూస్తే ఆరు సెంటీమీటర్లు బయటికి వచ్చింది. గోడ దగ్గర కమానులో పొడవునా ఒక చీలిక ఉంది. చేతి వేలు దూరేంత కాదు, అగ్గిపెట్టె అట్ట దూరేంత. మూడు చోట్ల రావి మొక్కలున్నాయి, అందులో ఒకటి మొక్క కాదు, నా తొడంత మాను. నాలుగో స్తంభం అడుగున పునాది రాళ్లు బయటపడ్డాయి. వాగులో ఇసుక ట్రాక్టర్లకు పోయిపోయి అడుగు కుంగింది, వరద మిగిలిన పని చేసింది.

పైన సంగతి ఇంకా బాగుంది. రోడ్డుగా ఉన్నన్నాళ్లూ తారు మీద తారు పోసుకుంటూ పోయారు. తవ్వి చూస్తే 18 సెంటీమీటర్లు. ఎనభై సెంటీమీటర్లున్న పిట్టగోడ ఆ తారు వల్ల అరవై రెండుకు దిగింది, పెద్దమనిషి మోకాలికి కాస్త పైకి వస్తుందంతే. అసలు దెబ్బ అది కూడా కాదు. దారికి రెండు పక్కలా పిట్టగోడ అడుగున రాతిలో తొలిచిన నీటి తూములున్నాయి, కానాకు రెండు చొప్పున పది. పదీ తారు కింద పూడిపోయాయి. పైగా పిట్టగోడ వెంబడి ఒక మంచినీళ్ల పైపు వేశారు, దాని జాయింటు రెండో కానా మీద చుక్కచుక్కగా కారుతూనే ఉంది. సంవత్సరం పొడవునా.

అంటే వంతెన నెత్తిన పడిన ప్రతి చుక్కకూ లోపలికి దిగడం తప్ప దారి లేదు.

బలహీనమని మూశారా?

ఊరందరి నమ్మకం ఒకటే. వంతెన బలం పోయింది, అందుకే మూశారు. బోర్డు మీద ప్రమాదమని రాసి ఉంది కదా. నేనూ మొదట ఆ లెక్కలోనే వెళ్లాను. మూసిన నాటి కాగితం చూపించమని అడిగితే అందులో ఉన్న కారణం వేరు: దారి ఇరుకు, ఎదురెదురుగా బస్సులు తప్పుకోలేవు, రెండుసార్లు పిట్టగోడకు లారీలు తగిలాయి. బలం మాట ఎక్కడా లేదు. బోర్డు రాసినవాడికి చేతిలో ఉన్న మాట "ప్రమాదం", అది రాశాడు. ఆ ఒక్క మాటతో వంతెన రోగిష్టి అయిపోయింది.

లెక్క వేశాను. రాతి కమానుకు చేతిలెక్క ఒకటుంది, మెక్సీ పద్ధతి అంటారు. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ సైన్యం, దారిలో ఎదురైన కమాను వంతెన మీద బరువు బండ్లను ఎక్కించవచ్చో లేదో త్వరగా తేల్చుకోవడానికి వాడుకున్న పద్ధతి. నడినెత్తిన కమాను రాయి మందం, దాని మీద మట్టి, రోడ్డు మందం మీటర్లలో కూడాలి. వచ్చినదాన్ని వర్గం చేసి 740తో గుణించాలి. కానా వెడల్పును 1.3 ఘాతానికి లేపి దానితో భాగిస్తే టన్నుల్లో తొలి ఇరుసు భారం వస్తుంది. మాది 45కు 35 కలిపితే 0.8 మీటరు. లెక్క 46 టన్నులు చూపించింది. కీళ్ల స్థితికి, చీలికకు, లోపలి మట్టి నాణ్యానికి చేతికందిన కోతలన్నీ వేసినా ఇరవై టన్నుల దగ్గర ఆగింది. లారీకి కూడా చాలినంత బలం ఉన్న వంతెనను మనుషులు కూడా భయపడుతూ దాటుతున్నారన్నమాట.

ఒక హెచ్చరిక. ఈ చేతిలెక్క కమాను గురించే చెబుతుంది. పునాది, స్తంభం, బొజ్జ పెట్టిన పక్కగోడ దాని కంటికి కనపడవు. అంకె బాగుందని సంబరపడి ఇంటికి పోతే నాలుగో స్తంభం కింద గొయ్యి అలాగే ఉంటుంది.

మనుషుల బరువు తక్కువా?

"బండ్లు లేవు కదా, ఇక దానికి బరువేముంది" అన్నది రెండో నమ్మకం. దీన్ని కూడా లెక్కలోనే చూడాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ కోడు, ఐఆర్‌సీ 6, కాలిబాట మీద చదరపు మీటరుకు 400 కిలోలు తీసుకోమంటుంది. యాత్రాస్థలాల దగ్గర, జాతరలు జరిగే చోట 500 తీసుకోమని అదే కోడులో ఉంది. తిరుపతి దారిలో, గంగమ్మ గుడి ముందున్న వంతెనకు ఈ రెండో అంకె తప్ప ఇంకోటి వేసే ధైర్యం ఎవరికుంటుంది? ఆరు మీటర్ల కానా, 5.2 మీటర్ల దారి, చదరపు మీటరుకు 500. ఒక్కో కానా మీద 15.6 టన్నులు. జాతర రోజు కిక్కిరిసిన వంతెన ప్రతి కానా మీదా ఒక్కో నిండు లారీని మోస్తున్నట్టే.

కానీ కమానుకు లారీ వేరు, జనం వేరు. ఈ తేడా తెలిస్తే సగం పని తెలిసినట్టే. కమాను రాయి నలగడం వల్ల పడిపోదు. మా గ్రానైటును నలిపే ఒత్తిడిలో నూరో వంతు కూడా మామూలుగా ఆ కీళ్ల మీద రాదు. కమాను పడిపోవడమంటే దాని ఆకారం చెడటం. కీళ్లు ఒక చోట కింద, ఇంకో చోట పైన తెరుచుకుంటూ తలుపు బందుల్లా తిరుగుతాయి. మూడు బందులు పడినా కమాను నిలబడుతుంది, నాలుగోది పడితే కూలుతుంది. ఆ నాలుగో బందు పడేది ఎప్పుడు? బరువంతా ఒక పక్కన, కానాలో పావు వంతు దగ్గర, ఒకే చోట దిగినప్పుడు. లారీ వెనక ఇరుసులు చేసేది సరిగ్గా అదే. జనం అలా కాదు, పరుచుకుని నిలబడతారు. అలా సమంగా పరిచిన బరువు కమానును ఇంకా బిగిస్తుంది. ఇంకో సంగతి, ఒక్కో కానా తన సొంత రాయి, మట్టి బరువే నూరు టన్నులకు పైగా మోస్తోంది. దాని మీద ఈ పదిహేను పెద్ద లెక్కలోది కాదు.

మరి చంపేది ఏది? నీళ్లు. బండ్లు తిరిగినన్నాళ్లూ రోడ్డు శాఖ గ్యాంగు మనుషులు ఏటా వచ్చి తూములు పొడిచేవాళ్లు, మొక్కలు పీకేవాళ్లు. బండ్లు ఆగాయి, వంతెన రోడ్డు రిజిస్టరు నుంచి పోయింది, పంచాయతీ రిజిస్టరులోకి రాలేదు. దానితో పాటే తూములు పొడిచే చెయ్యి కూడా పోయింది. లోపలి మట్టి తడిసి ఉబ్బి పక్కగోడను బయటికి నెట్టింది. నీళ్లు కీళ్లలోని సున్నాన్ని కరిగించి కింద ఊడలుగా పోశాయి. తడి ఉన్న చోటే రావి గింజ మొలిచింది. బొజ్జ, చీలిక, ఊడలు, మాను నాలుగు జబ్బులు కావు, ఒకటే. నాలుగో స్తంభం గొయ్యి మాత్రం వేరే. అది వాగు చేసిన పని, మనుషులు వాగుకు చేసిన పని.

ఇలా దారి మారిన వంతెనలు మనకు కొత్త కాదు. హైదరాబాదులో 1578 నాటి పురానాపూల్ మీద బండ్లు పోయి కూరగాయల బజారు వచ్చింది. 1908 మూసీ వరదను తట్టుకున్న వంతెన అది. శ్రీరంగపట్నంలో కావేరి మీద 1804లో కట్టిన వెల్లెస్లీ వంతెనకు కమానులే లేవు. గుడి మండపం మాదిరి రాతి స్తంభాలు నిలిపి, వాటి మీద రాతి దూలాలు, బండలు పరిచారు. అలాంటి దానికి నేను ఇక్కడ చెప్పిన వైద్యం పనికిరాదు. బండ అడ్డంగా పడుకుని మోస్తుంది, దాని అడుగున లాగుడు వస్తుంది, లాగుడుకు రాయి ఓర్చుకోదు. మన పల్లెల్లో కాలవల మీద పరిచిన బండల తూములన్నీ ఈ రెండో జాతివే. బండకు అడుగున సన్నటి చీలిక కనబడితే అక్కడ లెక్కలు వేస్తూ కూర్చోకండి, ముందు దారి ఆపండి.

మరమ్మతు

పని మొదలుపెట్టేసరికి 2023 ఫిబ్రవరి. మధ్యలో ఒక ఏడాది "ఇది ఎవరిది" అన్న ప్రశ్నకే పోయింది. ఆ కథ రాస్తే ఇంకో వ్యాసమవుతుంది. చివరికి పంచాయతీ తీర్మానం చేసి తనదిగా రాసుకుంది. నేను అడిగిన షరతు ఒక్కటే, మళ్లీ ఎప్పుడూ బరువు బండ్లు ఎక్కించబోమని రాసివ్వాలి. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

మేస్త్రి మా జిల్లావాడే, వయసు డెబ్బై దాటింది. తాతల నాటి రాతి పని. ఆయన వచ్చి వంతెనను ఒక గంట సేపు తట్టి చూశాడు. గ్రానైటు మంచిదైతే సుత్తి దెబ్బకు కంచు మోత మోగుతుంది. వెనక బోలుగా ఉంటే డప్పు మోత వస్తుంది. సుద్దముక్కతో గుర్తులు పెట్టుకుంటూ పోయాడు. ఆయన గుర్తులు, నేను మిషనుతో తీసిన మ్యాపు పక్కపక్కన పెట్టి చూస్తే రెండు చోట్ల తప్ప తేడా లేదు. ఆ రెండు చోట్లా రాయి తీసి చూశాం. ఆయనే రైటు.

మొదటి పని చీలికల మీద అద్దం ముక్కలు అతికించడం. సన్నటి గాజు పలక చీలికకు అడ్డంగా రెండు వైపులా అంటించి తేదీ రాస్తాం. కట్టడం కదిలితే గాజు పగులుతుంది. పదిహేను రూపాయల గాజు ముక్క అది, ఈ వంతెనను కాపాడింది అదే. చెబుతాను.

తారు తీయడానికి కాంట్రాక్టరు జేసీబీ తెచ్చాడు. కమాను మీద మట్టి తీసేటప్పుడు సూత్రం ఒకటే. రెండు వైపుల నుంచి సమంగా, పొరలు పొరలుగా తీయాలి. ఒక పక్క మట్టి తీసి ఇంకో పక్క ఉంచితే, పైన చెప్పిన లారీ ఇరుసు పని మనమే చేసినట్టు. పక్కపక్క కానాలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నిలబడతాయి కాబట్టి ఒక కానాను మొత్తం ఖాళీ చేసి పక్కదాన్ని నిండుగా ఉంచడం కూడా తప్పే. ఇదంతా నేను నోటితో చెప్పాను, కాగితం మీద రాయలేదు. రెండో రోజు నాకు తిరుపతిలో ఒక మీటింగు ఉండి పోయాను. జేసీబీ డ్రైవరు తనకు అనువైన ఒడ్డు నుంచి మొదలుపెట్టి, రెండో కానా మీద ఒక సగాన్ని కమాను రాయి కనబడేదాకా గీకేశాడు. మధ్యాహ్నం మేస్త్రి ఫోన్ చేశాడు. "సామీ, అద్దం టప్పుమనింది. మనుషుల్ని దించేసినా."

నేను చేరేసరికి సాయంత్రం అయింది. గాజు రెండు ముక్కలు. మధ్యలో ఎడం రెండు మిల్లీమీటర్లు. ఈలోపు మేస్త్రి ఒక్కరినీ అడగకుండా, ఖాళీ చేసిన సగం మీద ఇసుక బస్తాలు పేర్పించి తీసిన బరువును తిరిగి పెట్టించాడు. ఆ రాత్రి వాగులో టార్చి పట్టుకుని కూర్చున్నాం. కొత్త గాజు పగల్లేదు. ఆ తరువాత జేసీబీని పంపేసి, పారలు, గంపలతో నడినెత్తి నుంచి రెండు పక్కలకూ మనుషులతో తీయించాం. తొమ్మిది రోజులు ఎక్కువ పట్టింది. తప్పు డ్రైవరుది కాదు. పని పద్ధతి రాసి, బొమ్మ గీసి ఇవ్వకుండా పోయిన ఇంజనీరుది. ఇప్పుడు ప్రతి కమాను పనికీ మట్టి తీసే వరుసను అంకెలేసి బొమ్మ గీసి బోర్డు మీద కొట్టిస్తాను.

రావి మాను సంగతి. కాండంలో తొర్ర చేసి ఇంగువ పెడితే చస్తుందని ఊళ్లో ఒకాయన చెప్పాడు, యాసిడ్ పోయమని ఇంకొకాయన అన్నాడు. యాసిడ్ సున్నాన్ని తింటుంది కాబట్టి ఆ మాట అక్కడే ఆపాం. వేరును పీకడమూ తప్పే, వేరుతో పాటు రాయీ వస్తుంది. మానును కోసి, కోసిన పచ్చి గాయానికి వెంటనే కలుపు మందు పూశాం. వేరు లోపలే ఎండిపోయాక, చుట్టూ ఉన్న రాళ్లకు అంకెలు వేసి విప్పి, వేరు తీసి మళ్లీ అవే రాళ్లు అదే వరుసలో పెట్టాం. కోసే ముందు ఊరి ఆడవాళ్లు మానుకు పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకున్నారు. రావి కదా. దాని కొమ్మ ఒకటి గంగమ్మ గుడి దగ్గర నాటారు, అది బతికింది కూడా.

సున్నం గురించి కాస్త నిదానంగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ చెడేది ఇక్కడే. ఇంతకుముందు ఎవరో మొదటి, ఐదో కానాల కీళ్లకు సిమెంటు పాయింటింగు చేశారు. గ్రానైటు గట్టిది కాబట్టి సిమెంటు రాయిని పాడు చేయలేదు. కానీ రాతి వెనక కీలు లోపల సున్నం మెత్తగా, గాలి పీలుస్తూ ఉంటుంది. పైన సిమెంటు మూత బిగిస్తే లోపలి చెమ్మ బయటికి రాదు. మూత విప్పి చూస్తే వెనక సున్నం పెరుగన్నంలా ఉంది. సిమెంటంతా ఉలితో తీయించాం, మిషను పెట్టనివ్వలేదు.

సున్నపు గుల్ల తెచ్చి గుంటలో నానబెట్టాం. ఎద్దుల గానుగ ఇప్పుడు ఎక్కడుంది, మోటారుతో తిరిగే రోలు మిషను తెచ్చాం. వట్టి తెల్ల సున్నం నీటి చెమ్మ ఉన్న చోట త్వరగా గట్టిపడదు, అందుకే బాగా కాలిన ఇటుకల పొడి కలిపాం. కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు పోయాలని మేస్త్రి పట్టు. పత్రికలవాళ్లు వచ్చినప్పుడు అందరూ ఫొటో తీసుకున్నది కరక్కాయ కుండనే. నా మటుకు నాకు, ఆ కుండ కంటే ఇటుక పొడి, కడిగిన ఇసుక, తడి ఆరనివ్వకపోవడం ఈ మూడూ ముఖ్యం. వాగు ఇసుకలో మన్ను ఉంది, మూడు నీళ్లు కడిగితే గాని తేట రాలేదు. ఏప్రిల్ ఎండకు సున్నం ఆరితే గట్టిపడదు, పొడి అవుతుంది. గోనెసంచులు కప్పి రోజుకు నాలుగుసార్లు తడిపించాం. ఆ నీళ్లు పోసే పనికి పెట్టుకున్న ఇద్దరు ఆడమనుషులకు మేస్త్రితో సమానంగా కూలి ఇవ్వమన్నాను. కాంట్రాక్టరు మొహం మాడ్చుకున్నాడు గాని ఇచ్చాడు.

కమాను లోపలి బోలుకు పల్చటి సున్నం పాలు పోశాం. పంపు ఒత్తిడి పెట్టకుండా, ఎత్తున డ్రమ్ము కట్టి గొట్టంతో, కింది రంధ్రం నుంచి పైకి. రెండో కానాలో ఒక రంధ్రం పొద్దున్నించి మధ్యాహ్నం దాకా తాగుతూనే ఉంది. ఎక్కడికి పోతోందో తెలియలేదు. చివరికి స్తంభం అడుగున మడుగులో నీళ్లు తెల్లబడ్డాయి. పాత చిల్లి ఒకటి స్తంభం గుండా కిందికి ఉందన్నమాట. దాన్ని కింద నుంచి మూసి మళ్లీ మొదలుపెట్టాం.

బొజ్జ గోడను విప్పి కట్టాలా, అలాగే ఉంచాలా? రెండు మూడు రాత్రులు ఆలోచించాను. వెనక తడి మట్టి తీసేసి, నీళ్లు దిగే కంకర పెట్టి, తూము తెరిస్తే గోడను నెట్టేది ఏదీ ఉండదు. ఆరు సెంటీమీటర్ల బొజ్జ చూడటానికి బాగుండదు గాని నిలబడుతుంది. అలాగే ఉంచాం. కింద నుంచి చూసినవాళ్లు ఇప్పటికీ "దీన్ని మరిచిపోయినారా సార్" అని అడుగుతారు.

పైన తారు 18, మట్టి పది సెంటీమీటర్లు తీసి, పది సెంటీమీటర్ల సున్నం కాంక్రీటు, ఆరు సెంటీమీటర్ల బండలు పరిచాం. నడుమ కాస్త ఎత్తు, రెండు పక్కలా తూముల వైపు వాలు. నడినెత్తిన మందం 35 నుంచి 23కు తగ్గింది, మెక్సీ లెక్కలో బలం కూడా 46 నుంచి 33కు తగ్గింది. కోతలు వేస్తే ఇంకా కిందికి వస్తుంది. అందుకే ఆ షరతు. నడిచేవాళ్లకు ఎక్కువే, లారీకి ఇక మాట లేదు. పిట్టగోడ 74కు వచ్చింది, మీటరుకు పైన ఉండాలి కాబట్టి ఒక వరుస రాయి పెంచాం. పాత రాయిలా కనిపించాలని నల్లరంగు పూయమన్నవాళ్లున్నారు. వద్దన్నాను. కొత్తది కొత్తగానే తెలియాలి.

నాలుగో స్తంభం చుట్టూ పునాది కిందికి సున్నం కాంక్రీటు నింపి, వాగు అడుగున పెద్ద రాళ్లు పరిచి, దిగువన ఆ రాళ్లు కొట్టుకుపోకుండా అడ్డగోడ కట్టాం. ఇసుక ట్రాక్టర్ల మీద నా డ్రాయింగుకు అధికారం లేదు.

గుంజల పంచాయితీ

బండ్లు రాకుండా రెండు చివర్లా రాతి దిమ్మెలు పెట్టడం నేను పావుగంట పని అనుకున్నాను. మూడు మీటింగులు పట్టింది. మోటారు సైకిళ్లు కూడా రాకూడదని బడి పిల్లల తల్లులు, వస్తే తప్పేంటని కుర్రాళ్లు. తోపుడు బండి పోవాలని బండి మీద టిఫిన్లు అమ్మే ఆమె. చక్రాల కుర్చీ పోవాలని నేను. అన్నీ విని ఒక పెద్దాయన లేచి, "అదంతా సరే నాయనా, పాడె యెట్ల పోతాది?" అన్నాడు. మీటింగు నిశ్శబ్దమైపోయింది. నలుగురు మోసే పాడెకు మీటరున్నరకు పైగా ఎడం కావాలి. గంగమ్మ జాతరకు అమ్మవారి పల్లకికి ఇంకా ఎక్కువ. అంత ఎడం ఇస్తే ఆటో కూడా దూరుతుంది. చివరికి ఒక దిమ్మెను కదిలేలా, ఇనుప గూడులో తాళంతో నిలిపాం. తాళంచెవి పంచాయతీ ఆఫీసులో ఉంచాలని రాసుకున్నారు. ఆరు నెలల్లో చెవి పోయింది. ఇప్పుడు తాళం లేకుండానే, ఎవరికి అవసరమైతే వాళ్లు ఇద్దరు పట్టి ఎత్తి పక్కన పెడుతున్నారు. తిరిగి పెట్టేస్తున్నారు కూడా, అందుకని నేనూ కొత్త తాళం గురించి మాట్లాడలేదు.

పాత బోర్డు తీయించి "నడిచేవారికి మాత్రమే" అని రాయించాం.

వాన వచ్చిన రోజు

2023 డిసెంబరు మొదట్లో మిచాంగ్ తుఫాను తీరం వెంట పైకి పోతూ తిరుపతి జిల్లాను తడిపేసింది. చిత్తూరు వైపూ వాన పట్టింది. వాన తెరిపి ఇవ్వగానే వెళ్లాను. పది తూముల్లో తొమ్మిది ఎద్దు మూత్రంలా ధార కట్టి వాగులోకి పోస్తున్నాయి. కానాల కింద కప్పు చెమ్మగా ఉంది గాని కొత్త ఊడ లేదు. అద్దాలు పన్నెండూ అలాగే ఉన్నాయి. పదో తూము దగ్గర చీలమండ లోతు నీళ్లు నిలిచాయి. టిఫిన్ల ఆమె వెదురు పుల్లతో పొడుస్తోంది. ఒక పాలిథీన్ కవరు, దాని వెనక ఇడ్లీ కాగితాల ముద్ద బయటికొచ్చాయి.

"నా బండి కాగితాలే సార్," అంది నవ్వుతూ. ఆమె పుల్ల ఇప్పుడు అక్కడే పిట్టగోడ మూలన ఉంటుంది. పంచాయతీ రిజిస్టరులో తూములు పొడిచే పనికి ఏటా ఇంత అని ఒక పద్దు రాయించాను, మొదటి ఏడాది డబ్బు వచ్చింది, రెండో ఏడాది ఇంకా రాలేదు.

రెండో కానా మీద మంచినీళ్ల పైపు జాయింటు మార్చారు, పైపును మాత్రం మార్చలేదు. పోయినసారి చూసినప్పుడు కొత్త జాయింటు కింద బండ తడిగా ఉంది. ఉత్తరం రాశాను, జవాబు రావాలి.